ఋతుచక్రము ననుసరించు దినచర్య: శాస్త్రమెంత? ఊహ ఎంత?

స్త్రీ శరీరములో నెలకొక పర్యాయము తిరుగు ఋతుచక్రమును నాలుగు దశలుగ విభజించి, ఆ దశల ననుసరించి తిండి, వ్యాయామము, చదువు, ఉద్యోగము, విశ్రాంతి అన్నిటిని మార్చుకొనవలెనను సిద్ధాంతమొకటి ఇటీవల బహుళ ప్రచారము పొందినది. అమెరికాకు చెందిన అలిసా విట్టి 2013లో ప్రకటించిన 'వుమన్‌కోడ్', 2020లో ప్రకటించిన 'ఇన్ ది ఫ్లో' అను గ్రంథములు దీనికి ముఖ్యాధారములు. చేతిలో ఫోనున్న ప్రతి విద్యార్థినికిని ఈ బోధ నేడు అందుబాటులో నున్నది. ఇందులో గ్రహింపదగిన దేది, విడువదగిన దేది అను ప్రశ్న ఉపాధ్యాయులకు తప్పక ఎదురగును.

ముందుగ సిద్ధాంతమును ఉన్నదున్నట్లు చెప్పుట న్యాయము. స్రావపు రోజులలో విశ్రాంతి, ఆత్మపరిశీలన. తరువాత అండము పక్వమగు రోజులలో క్రొత్త పనుల ఆరంభము. అండము విడుదలయగు రోజులలో నలుగురితో కలిసి మాట్లాడు పనులు. చివరి దశలో చేపట్టిన పనుల ముగింపు - ఇది దాని సారాంశము. ప్రతి దశకును తగిన ఆహారము, తగిన వ్యాయామము వేరుగ నిర్ణయింపబడినవి. రాత్రింబవళ్ల ననుసరించు గడియారము వలెనే స్త్రీలకు నెలవారీ గడియారము మరియొకటి కలదనియు, లోకములోని పని వేళలన్నియు దానిని పట్టించుకొనక ఏర్పడినవనియు దీనిని బోధించువారి వాదము.

ఇందులో సత్యమగు భాగము కొంత కలదు. మెదడు అడుగుననున్న పీయూష గ్రంథి ప్రేరణచే అండాశయములో ఒక పుటిక పెరిగి ఈస్ట్రోజెన్ అను హార్మోనును స్రవించును. దానివలన గర్భాశయపు లోపొర మందమగును. అండము విడుదలయైన పిదప మిగిలిన పుటిక ప్రొజెస్టెరోనును స్రవించును. గర్భము నిలువనిచో ఈ రెండును తగ్గిపోయి, లోపొర విడివడి, స్రావము మొదలగును. అండము విడుదలయైన తరువాత శరీరోష్ణము 0.3 మొదలు 0.5 సెంటీగ్రేడు డిగ్రీల వరకు పెరుగుట కొలిచి చూడదగిన విషయమే. స్రావమునకు ముందు కొందరికి చిరాకు, తలనొప్పి, నిద్రలేమి కలుగుటయు నిజమే. చక్రమున్నది, దాని ప్రభావమున్నది. వివాదము దానిమీద కాదు. ఆ ప్రభావము దినచర్యను శాసించునంత పెద్దదా, ముందుగనే పట్టిక వ్రాయదగినంత నియతమైనదా అనునదే ప్రశ్న.

మొదటి లోపము పట్టికలోనే యున్నది. 28 రోజుల చక్రమును, 14వ రోజున అండము విడుదలను ఆధారముగ గొని ఇట్టి పట్టికలు పెక్కు తయారగుచున్నవి. 1920 దశకములో జపానులో ఒగినో, ఆస్ట్రియాలో క్నావుస్ ఎవరికి వారుగ కనుగొన్నది వేరు: అండము విడుదలయగు రోజును రాబోవు స్రావమునుండి వెనుకకు లెక్కించిననే దాదాపు స్థిరముగ కనబడును గాని, గడచిన స్రావమునుండి ముందుకు లెక్కించిన కాదు. 2019లో 1,24,648 మంది స్త్రీలు నమోదు చేసికొన్న 6,12,613 చక్రములను పరిశీలింపగా, సగటు 29.3 రోజులుగ తేలినది. సరిగ 28 రోజుల చక్రములు నూటికి 13 మాత్రమే. అండోత్సర్గమునకు ముందు భాగము సగటున 16.9 రోజులు, తరువాతి భాగము 12.4 రోజులు. సగటునకే 14 అను సంఖ్య కుదరనిచో, ఒక్కొక్కరికి కుదురునని ఎట్లు చెప్పగలము?

ఉన్నత పాఠశాల విద్యార్థినుల విషయములో ఈ లోపము మరింత ఎక్కువ. రజస్వలయైన తొలి సంవత్సరములలో పెక్కు చక్రములలో అండము విడుదలయే కాకపోవచ్చును. ఆ వయస్సులో 21 మొదలు 45 రోజుల వరకు గల చక్రమును వైద్యులు సహజముగనే భావింతురు. పట్టికతో పోల్చి చూచుకొన్న బాలిక తనకేదో జబ్బు చేసినదని భయపడుటకు ఇది చాలును.

నూజివీడు మామిడి రైతునకు ఈ తర్కము క్రొత్తది గాదు. చలికాలపు చల్లని రాత్రులు, పొడి వాతావరణము పూతకు అనుకూలించునని అతడెరుగును. పూతకొక ఋతువున్నదను మాట నిజమే. అయినను పక్కపక్క చెట్లు సైతము ఒకేనాడు పూయవు. ఒక ఏడు విరగగాచిన చెట్టు మరుసటి ఏడు కాపు తగ్గించుటయు కలదు. అందుచే అతడు తేదీని చూచి మందు చల్లడు, కొమ్మను చూచి చల్లును. ఋతువున్నంత మాత్రమున తేదీ ఉన్నట్లు కాదు.

రెండవ లోపము ఫలితములకు సంబంధించినది. క్రీడాకారిణుల సామర్థ్యముపై జరిగిన 78 పరిశోధనలను 2020లో ఒకచోట చేర్చి పరిశీలింపగా, స్రావపు తొలి రోజులలో సామర్థ్యము అత్యల్పముగ తగ్గవచ్చుననియు, ఆ పరిశోధనలలో పెక్కింటి నాణ్యత తక్కువయనియు, అందరికి వర్తించు నియమము చేయరాదనియు తేలినది. ఇంగ్లండులోని చెల్సీ మహిళా ఫుట్‌బాలు జట్టు 2020లో శిక్షణను ఋతుచక్రముతో ముడివెట్టుట మొదలిడినపుడు ఆ వార్త లోకమంతట వ్యాపించినది. కాని ఆ వార్తకు వచ్చినంత ప్రచారము ఈ పరిశీలనకు రాలేదు. బుద్ధిశక్తి సంగతి విద్యార్థినులకు మరింత ముఖ్యము. జ్ఞాపకము, అవధానము, లెక్కలు మున్నగువాని మీద జరిగిన 102 పరిశోధనలను, దాదాపు 4 వేల మందికి సంబంధించినవానిని, 2025లో సమీక్షింపగా ఏ దశలోను చెప్పుకోదగిన నిలకడ గల భేదము కనబడలేదు. గణితపు పరీక్ష చివరి దశలో పడినదని ఏ బాలికయు ముందుగనే ఓటమి నొప్పుకొన నక్కరలేదు.

ఈ సిద్ధాంతమునకు తోడుగ గింజల మార్పిడి యను పద్ధతి కూడ ప్రచారములో నున్నది. చక్రపు మొదటి సగములో అవిసె, గుమ్మడి గింజలు, రెండవ సగములో నువ్వులు, ప్రొద్దుతిరుగుడు గింజలు తినవలెనట. గింజలు మంచి ఆహారమే. పెద్దమనిషియైన పిల్లకు నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి పెట్టు ఆచారము మన ఇండ్లలో ఎప్పటినుండియో కలదు. కాని పదునాలుగు రోజులకొకసారి గింజ మార్చినందున హార్మోనులు క్రమపడునని దృఢముగ నిరూపించిన పెద్ద పరిశోధన లేదు. నువ్వులకు తిథి వార నక్షత్రములు లేవు. ఏ రోజు తిన్నను వానిలోని ఇనుము ఒక్కటే.

ఆ ఇనుము లెక్క తరగతిలో పిల్లలచే చేయింపదగినది. ఒక మిల్లీలీటరు రక్తములో సుమారు అర మిల్లీగ్రాము ఇనుముండును. నెలకు 40 మిల్లీలీటర్ల రక్తము పోయినచో 20 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్లు. దినమునకు సుమారు 0.7 మిల్లీగ్రాము. శాకాహారములోని ఇనుములో నూటికి 5 మొదలు 8 పాళ్లే శరీరమునకు పట్టును గనుక, ఈ నష్టమొక్కటి పూడుటకే ప్రతిదినము సుమారు 10 మిల్లీగ్రాములు అదనముగ తినవలసియుండును. నూరు గ్రాముల నువ్వులలో నుండునది 14 మిల్లీగ్రాముల వరకు మాత్రమే. ఒక్క చిమ్మిలి ఉండతో ఈ లెక్క తీరదు. అయితే భోజనముతోపాటు మామిడిపండు తిన్నచో అందలి సి విటమిను ఇనుమును పట్టించుటకు తోడ్పడును. భోజనముతో టీ త్రాగినచో ఆ పని చెడును. మామిడి వేడి చేయునని బహిష్టు రోజులలో బాలికలకు పండు నిరాకరించుటకు శాస్త్రాధారము లేదు.

మూడవ లోపము సమాజమునకు సంబంధించినది. ఋతుచక్రము ననుసరించి నడువవలెనను మాట మనకు క్రొత్తది గాదు. చరకసంహిత శారీరస్థానములో రజస్వల మూడు రాత్రులు నేలపై పరుండవలెనని, స్నానము కూడదని నియమములున్నవి. బయట చేరినవారు ఆవకాయ జాడీ ముట్టుకొన్న బూజు పట్టునని మామిడి సీమలో నేటికిని చెప్పువారున్నారు. ఊరగాయకు బూజు పట్టునది తడి గరిటె వలన, ఉప్పు చాలకపోవుటవలన, పైన నూనె తేలకపోవుటవలన. ఇట్టి నమ్మకము మన దేశమునకే పరిమితము కాదు. వియన్నా వైద్యుడు బేలా షిక్, బహిష్టు స్త్రీ చేతిలో పువ్వులు వాడినవని చూచి, ఆమె శరీరములో ఒక విషము పుట్టునని 1920లో ప్రకటించెను. గొప్ప వైద్యుడైనను పరీక్ష సరిగ లేనందున దారితప్పెను. ఆ విషము నిజముగ ఉన్నదని తరువాత నిలువలేదు. నాడు 'తాకరాదు' అన్నారు. నేడు 'ఈ రోజులలో ఈ పని చేయజాలవు' అని మృదువుగ చెప్పుచున్నారు. పని ఇచ్చువాని చెవిని పడినప్పుడు రెండు మాటలును ఒకే ఫలితము నీయవచ్చును.

అంతేకాక, ఈ దినచర్య ఎవరికి సాధ్యము? వేసవిలో తోటలలో కాయ ఏరి, గ్రేడు చేసి, పెట్టెల కెత్తు కూలీ స్త్రీకి పనిరోజును ఎన్నుకొను వీలు లేదు. ఆమెకు కావలసినది నీరు, నీడ, మరుగుదొడ్డి, నొప్పి ఎక్కువైన నాడు కూలి పోకుండ సెలవు. ఇవి నాలుగు దశల పట్టికలో లేవు.

రోగమును రోగముగ గుర్తింపకపోవుట అన్నిటికన్న పెద్ద ప్రమాదము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15-49 వయస్సు గల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులు. అంతకు ముందరి 2015-16 సర్వేలో, ఆ వయస్సు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అధిక రక్తస్రావము, నొప్పియే ఇందుకు ముఖ్య కారణముగ పేర్కొనబడినవి. వీనిలో ఎన్నో మందులతో నయము కాదగినవి. అలసట కలిగిన బాలికకు 'ఇది నీ విశ్రాంతి దశ' అని చెప్పి పంపిన, ఆమె రక్తహీనత మరుగున పడిపోవును.

అయినను ఈ సిద్ధాంతము వలన కలిగిన మేలొకటి గుర్తింపదగినది. బహిష్టు తేదీని వ్రాసికొనుట, దానిని గూర్చి సిగ్గుపడక మాట్లాడుట అది నేర్పినది. ఆ అలవాటును నిలుపుకొని, పట్టికను విడువవచ్చును. తేదీ, స్రావము ఎన్ని రోజులు, నొప్పి ఎంత అను మూడు అంశములు బాలిక తన పుస్తకములో తానే వ్రాసికొనిన చాలును. దానిని చూచు అధికారము ఇతరుల కుండరాదు. స్రావము ఏడు రోజులు మించినను, గంట రెండు గంటలకే గుడ్డ మార్చవలసి వచ్చినను, మూడు నెలలు రాకపోయినను, నొప్పిచే బడి మానవలసి వచ్చినను వైద్యుని చూడవలెను. నొప్పికి కారణము గర్భాశయములో పుట్టు ప్రోస్టాగ్లాండినులు. వానిని తగ్గించు మందులు వైద్యుని సలహాతో వాడవచ్చును. వారమున కొకసారి బడిలో ఇచ్చు నీలిరంగు ఇనుము మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కలవు. దానిని పారవేయక మ్రింగునట్లు చేయుట ఉపాధ్యాయుల చేతిలోని పని.

ప్రత్యుత్పత్తి పాఠమును 'ఇంటివద్ద చదువుకొనుడు' అని దాటవేయు తరగతిలో, ఆ ఖాళీని నింపుటకు పట్టికలమ్మువా రెల్లప్పుడు సిద్ధముగ నుందురు. బాలబాలికల యెదుట ఆ పాఠమును నిస్సంకోచముగ, అంకెలతో సహా చెప్పుటయే దానికి తగిన సమాధానము. చక్రము శరీరధర్మము. దానిని తెలిసికొనుట విద్యార్థిని హక్కు. దానికి తలవంచి బ్రతుకుటను శాస్త్రము ఎవరినిని కోరలేదు.