వంద రూపాయలు, పది రాళ్ళు

పంటకు బీమా ఎందుకు చేయించరని ఏ సభలో అడిగినా వేదిక మీంచి ఠక్కున ఒకే జవాబు వస్తుంది: అవగాహన లేదు. ఆ మాట అన్నాక మిగిలేది ఒక సదస్సు, ఒక కరపత్రం, వెళ్ళేటప్పుడు చేతిలో ఒక అరటిపండు. ఈ జవాబు నిజమో కాదో పాలమూరు, అనంతపురం జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ మనుషుల్ని పంపి తేల్చుకున్న వాళ్ళు ఆరుగురున్నారు. షాన్ కోల్, షావియర్ జినే, జెరెమీ టోబాక్‌మన్, పెటియా టొపలోవా, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ. గుజరాత్‌లో చేసిన ప్రయోగాలు కూడా కలిపి వాళ్ళు రాసిన పత్రం 2013లో ఒక అమెరికన్ ఎకనామిక్స్ జర్నల్‌లో వచ్చింది. దాన్ని నేను చదివింది ఫలితాల కోసమే. మళ్ళీ మళ్ళీ తిరగేసింది మాత్రం పనితనం కోసం.

ముందు వాళ్ళు ప్రయోగానికి తీసుకున్న అప్పటి బీమా సంగతి. 2003లో బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ మహబూబ్‌నగర్ జిల్లాలో ఆముదం, వేరుశెనగ రైతులకు ఐసీఐసీఐ లాంబార్డ్ వారి వాన బీమా అమ్మడం మొదలుపెట్టింది. చేను ఎండిందా లేదా అని ఎవరూ వచ్చి చూడరు. వానమాపకంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నదే లెక్క. సీజన్ మూడు ముక్కలు. మొదటి రెండింటిలో వాన తగ్గితే డబ్బు వస్తుంది. కోతల వేళకు వచ్చే మూడోదానిలో వాన ఎక్కువైతే వస్తుంది. జూన్ 1 తర్వాత పడిన వాన మొత్తం 50 మిల్లీమీటర్లకు చేరగానే మొదటి ముక్క లెక్క మొదలవుతుంది. ఒక రోజు 2 మిల్లీమీటర్ల లోపు పడితే అది లెక్కలోకి రాదు, ఆ చినుకు దుమ్ము అణగడానికే సరి. 60 దాటి పడిన వాన కూడా రాదు, అది పొలం తాగేది కాదు, వాగులో పోయేది. ఈ షరతులు రాసిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు చేనిగట్టు మీద నిలబడే ఉంటాడనిపిస్తుంది.

అయితే జినే, టౌన్‌సెండ్, వికరీ 2007లో పాత వర్షపాతం లెక్కలు తీసి ఈ పాలసీలను తూకం వేశారు. కట్టిన ప్రీమియంలో సగటున తిరిగొచ్చేది 30 శాతం దగ్గర తేలింది. నూరు ముక్కల్లో 89 సార్లు పైసా రాదు. నూటికి ఒక్కసారి మాత్రం పరిహారం పూర్తిగా, అంటే వెయ్యి రూపాయలు, వస్తుంది. అంటే ఇది మామూలు ఎద్దడికి కాదు, గొడ్డు కరువుకు మాత్రమే పనికొచ్చే గొడుగు. ధర కూడా తక్కువేం కాదు. జనం కొనడం లేదంటే తప్పు జనానిదేనా అన్న అనుమానం ఇక్కడే మొదలవుతుంది.

అసలు ప్రయోగం 2006లో జరిగింది. ఒక మనిషి ఇంటికొచ్చి బీమా గురించి చెబుతాడు. ఏ ఇంట్లో ఎలా చెప్పాలన్నది లాటరీ నిర్ణయిస్తుంది. మూడు చీటీలు, దేనికది విడి. మొదటి చీటీ: ఊళ్ళో అందరికీ తెలిసిన బేసిక్స్ ఏజెంటు ఆ మనిషిని వెంటబెట్టుకొచ్చి ‘మనవాడే’ అని పరిచయం చేస్తాడా, లేదా? రెండోది: మిల్లీమీటరంటే ఎంత, అన్ని మిల్లీమీటర్లు పడితే నేలకు ఎంత పదును దిగుతుంది అన్న పాఠం చెబుతాడా, లేదా? మూడోది: సమయం ఇచ్చినందుకు ఇంటివాళ్ళ చేతిలో 25 రూపాయలు పెడతాడా, 100 పెడతాడా?

నాకు ముచ్చటేసేది ఆ మూడో చీటీయే. నూరు రూపాయలంటే అప్పట్లో దాదాపు ఒక పాలసీ ధర. బీమా చవక చేయలేదు, పాఠం పెంచలేదు, బతిమాలలేదు. జేబులో డబ్బుండే క్షణాన్నీ, కొనాలా వద్దా అని తేల్చుకునే క్షణాన్నీ ఒకచోటికి తెచ్చారు, అంతే. 25 తీసుకున్న వాళ్ళతో పోలిస్తే 100 తీసుకున్న వాళ్ళలో నూటికి దాదాపు 40 మంది అదనంగా కొన్నారు. విత్తనం, ఎరువు, దుక్కి కూలి అన్నీ ఒక్కసారే మీద పడే తొలకరిలో ప్రీమియం కట్టమనడం ఎలాంటిదో ఈ ఒక్క అంకె చెబుతుంది. డబ్బిచ్చారన్న మొహమాటంతో కొన్నారేమో అని మీరు అనవచ్చు. ఆ మాట వాళ్ళకూ తట్టింది. మొహమాటమే అయితే పేదా గొప్పా తేడా ఉండకూడదు కదా. పేద ఇళ్ళలోనే ప్రభావం ఎక్కువ కనిపించింది.

ఏజెంటు వచ్చి పరిచయం చేసిన ఇళ్ళలో కొనుగోళ్ళు మూడో వంతుకు పైనే పెరిగాయి. అది కూడా బేసిక్స్‌తో ముందే పరిచయమున్న వాళ్ళలో. ముక్కూమొహం తెలియని వాడిని ముక్కూమొహం తెలియని మరొకడు మెచ్చుకుంటే ఎవరు వింటారు? ఇక పాఠం సంగతి. మిల్లీమీటర్ల పాఠంతో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. వేదిక మీద జవాబు అక్కడ పడిపోయింది.

అలాగని పాపమంతా ధర మీదికి నెట్టేసి చేతులు దులుపుకోలేదు. ధర తగ్గితే గిరాకీ పెరుగుతుందని గుజరాత్ లెక్కల్లో చూపించారు. అమెరికా బీమాల్లో వెనక్కి వచ్చినంత వాటా ఇక్కడా ఇచ్చినా ఊరంతా ఎగబడి కొనదనీ వెంటనే చెప్పారు.

టౌన్‌సెండ్ ఈ నేలకు కొత్తవాడు కాదు. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పదేళ్ళ పాటు సేకరించిన పల్లెల లెక్కలతో ఆయన 1994లో ఒక పేరుమోసిన పత్రం రాశాడు. ఆ ఊళ్ళలో మన ఔరేపల్లి ఒకటి. ఒక ఇంటికి రాబడి పడిపోయినా తిండీ ఖర్చూ అంతగా పడిపోవు, అవి ఊరి సగటుతో పాటే నడుస్తాయని తేల్చాడు. చేబదుళ్ళతో, చుట్టాలతో, ఊరు తనకు తానే ఒక బీమా కంపెనీ అన్నమాట. కానీ కరువు వచ్చేది ఊరంతటికీ ఒకేసారి. అప్పుడు ఎవరి దగ్గర చేబదులు పుడుతుంది? వాన బీమా మీదికి ఆయన చూపు మళ్ళడంలో ఆశ్చర్యం లేదు.

ఈ పరిశోధకుల సర్వేలోని ఒక చిన్న ఉపాయం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తొలకరి ఎప్పుడొస్తుందని అనుకుంటున్నావని రైతును అడగాలి. ‘సంభావ్యత ఎంత శాతం’ అంటే ఎవరు చెబుతారు? అందుకని కాగితం మీద కార్తెకొక గడి గీసి, చేతికి పది రాళ్ళిచ్చారు. మృగశిరలో వస్తుందన్న నమ్మకం ఎక్కువైతే ఆ గడిలో ఎక్కువ రాళ్ళు, ఆరుద్ర మీద అనుమానంగా ఉంటే అక్కడ ఒకటో రెండో. వామనగుంటలు ఆడిన చేతులకు ఇది కొత్తేం కాదు. పరిశోధకుడు రైతుకు మిల్లీమీటర్లు నేర్పబోయిన చోట ఫలితం రాలేదు, తనే కార్తెలు నేర్చుకున్న చోట మంచి లెక్క దొరికింది.

ఈ పత్రంలో లోపం లేదా? ఉంది. రైతు మాట నేరుగా ఎక్కడా వినపడదు. ‘ఎందుకు కొనలేదు’ అన్న పట్టికలో అన్నిటికన్నా పైన ‘డబ్బు లేక’ అన్న వరుస ఉంటుంది, అంతే. ఆ మాట వెనక ఏ అప్పుందో, ఏ పెళ్ళుందో తెలియదు.

కోల్, జినే, వికరీ తర్వాత మరో ప్రయోగం చేసి 2017లో ప్రకటించారు. ఈసారి కొనమని అడగలేదు, సగం మంది రైతులకు బీమా ఊరికే ఇచ్చారు. మిగతా సగానికి దాని సగటు విలువంత డబ్బు, వాన పడ్డా పడకపోయినా సీజన్ చివర ఇస్తామని మాటిచ్చారు. ఆ మాట లేకపోతే తేడా బీమాదో డబ్బుదో ఎవరూ చెప్పలేరు. బీమా అందిన వాళ్ళు ఆముదం, వేరుశెనగ మీద ఎక్కువ పెట్టారు. అదీ ఆ ఏడు వాన ఎలా ఉంటుందో తేలకముందే. చదువుకున్న రైతుల్లో ఈ మొగ్గు ఎక్కువగా కనిపించింది. పాఠం చెప్పినా బీమా కొనని చోటే, చదువు ఉంటే బీమాను వాడుకోవడం తెలిసింది. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని ఇంకా చూస్తున్నాను.