జిప్ ఫైల్లో గ్రంథాలయం

మైన్‌క్రాఫ్ట్‌లో ఎవరో కట్టిన లోకాన్ని డౌన్‌లోడ్ చేసుకుని అందులో అడుగుపెట్టిన ప్రతిసారీ, కట్టినవాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో మన వంతు పని కొంచెమే. జిప్ విప్పి, ఆ ఫోల్డర్‌ని ఆట తాలూకు ‘సేవ్స్’లో పెట్టాలి. ఆ ఫోల్డర్ తెరవగానే ‘level.dat’ ఫైల్ కనిపించాలి. ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్ మరో ఫోల్డర్ లోపల ఇరుక్కుంటే ఆట దాన్ని గుర్తుపట్టదు. ఏ వెర్షన్‌లో కట్టారో ఆ వెర్షన్‌లోనే తెరవడం మేలు. ఫోన్లో ఆడేవాళ్లకైతే ‘ఎంసీవరల్డ్’ ఫైల్‌ని నొక్కితే చాలు.

అసలు గొప్పతనమంతా ఆ ఫైల్ లోపలుంది. ‘అన్‌సెన్సార్డ్ లైబ్రరీ’నే చూడండి. పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 2020 మార్చి 12న దీన్ని తెరిచింది. మైన్‌క్రాఫ్ట్ నిర్మాణాలు చేసే బ్లాక్‌వర్క్స్ బృందం 1.25 కోట్లకు పైగా బ్లాకులతో కట్టింది. 16 దేశాల నుంచి 24 మంది నిర్మాతలు! ఎత్తయిన స్తంభాలు, విశాలమైన గోపురం, దేశానికో గది. ఆ గదుల్లోని పుస్తకాలు తెరిస్తే, సొంత దేశంలో నిషేధానికి గురైన పాత్రికేయుల వ్యాసాలు కనిపిస్తాయి. హత్యకు గురైన సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ రాతలూ వాటిలో ఉన్నాయి.

వార్తల సైట్లకు అడ్డుకట్ట వేసిన చోట కూడా ఈ ఆట దొరుకుతుందన్న ఆలోచనే నాకు అన్నిటికన్నా నచ్చింది. పైగా ఈ లోకాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని, కాపీ తీసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. అందుకే దీన్ని పూర్తిగా చెరిపేయడం కష్టం.