మూడోసారి కొట్టిన దెబ్బ

ఎండాకాలం మొదట్లో కుండ కొనడానికి బజారుకు పోతే మా ఆవిడ నన్ను ముందు నడిపిస్తుంది. కూరగాయల దగ్గర నా మాట చెల్లదు, వంకాయలు ఏరే హక్కు కూడా నాకు లేదు. కుండల దగ్గర మాత్రం నాదే రాజ్యం. ఒక చేత్తో కుండను ఆనించి పట్టుకుని, రెండో చేతి వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, "ఇది వద్దు" అంటాను. అమ్మే ఆమెకు ఒళ్లు మండుతుంది. "పగులేడుందో సూపియ్యి పటేలా!" అంటుంది. చూపించలేను. కంటికి కనిపించే పగులైతే చెవితో పనేముంది?

ఈ విద్య కుండల దగ్గర నేర్చింది కాదు. ముప్పయ్యేళ్లకు పైగా బొగ్గు గనిలో, అందులో ఎక్కువ కాలం మైనింగ్ సర్దారుగా, నెత్తి మీది బండను తట్టి విన్న చేతులివి. గని అనేది పేపర్ల మాట. గోదావరిఖనిలో మాకు అది బాయి. మా దగ్గర బొగ్గు పొర మీద ఎక్కువగా ఉండేది ఇసుకరాయి. జనాన్ని పనిలోకి పంపే ముందు సర్దారు ఆ కప్పును కర్రతోనో గడ్డపారతోనో తట్టి చూడాలి. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే తేమ పట్టిన డప్పులా బొద్దుగా పలుకుతుంది. కప్పు అందేంత ఎత్తులో ఉంటే రెండో చేయి బండకు ఆనించి కొట్టాలి. విడిపోయిన పలక అదురుతుంది, ఆ అదురు ఒక్కోసారి చెవి కంటే ముందు అరచేతికి తెలుస్తుంది. నాకు పని నేర్పిన పెద్దమనిషి, "చెవిని నమ్ము బిడ్డా, గాని చెయ్యిని గూడ అడుగు" అనేవాడు.

వినడానికి ఇంతే. చేయడానికి వచ్చేసరికి అసలు కష్టం బండతో కాదు, మనసుతో.

పైన ఊళ్లో ఎవరి మనసు ఎక్కడుందో చెప్పడం కష్టం. మీ ఎదురుగా తలాడిస్తూ కూర్చున్నవాడు మనసులో చిట్టీ పాట లెక్కలు వేసుకుంటూ ఉండవచ్చు. బాయిలో ఆ సౌకర్యం తక్కువ. అక్కడ చీకటి అంటే మన చీకటి కాదు, చేయి ముఖం ముందు పెట్టుకున్నా కనిపించని చీకటి. అందులో ప్రతివాడి నెత్తి మీదా ఒక లైటు. వాడు ఎటు చూస్తే లైటు అటు. కొత్తగా దిగిన పిల్లగాడి లైటు కాళ్ల దగ్గరే తచ్చాడుతుంది. అనుభవం ఉన్నవాడి లైటు ముందు కప్పు మీదికి, తర్వాత పక్క గోడలకు, ఆ తర్వాతే కిందికి దిగుతుంది. మైకేల్ పోస్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980లో అవధానాన్ని వెలుగు మరకతో పోల్చాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. వెలుగు పడినచోటి సంగతి మెదడుకు త్వరగా చేరుతుంది, పడనిచోటిది ఆలస్యమవుతుంది. మాకిది పోలిక కాదు, టోపీ.

కానీ లైటుతో ఒక చిక్కుంది. అది ఎంత బాగా చూపిస్తే పక్కనున్నదాన్ని అంత బాగా దాస్తుంది. చెవికి ఆ గొడవ లేదు, దానికి ముందూ వెనకా ఒకటే. తట్టా, బొగ్గెత్తే చెమ్మస్ చప్పుళ్ల మధ్య, బొగ్గు టబ్బుల గోల మధ్య, వెనకెక్కడో కప్పుకు ఆనించిన చెక్క ప్రాపు కిర్రుమంటే నలుగురూ ఒక్కసారే ఆగిపోవడం నేను చూశాను. ఎవరూ దాని కోసం చెవులు రిక్కించుకుని కూర్చోలేదు. "మనసు పెట్టి పని చెయ్యి" అని పిల్లలకు చెబుతుంటాం. బాయిలో ఆ మాట సగమే నిజం. పని మీద మొత్తం మనసు పెట్టినవాడు మంచి పనివాడే, కానీ వాడి పక్కన నిలబడటానికి నాకు భయం.

మొన్న సెలవులకు వచ్చిన మనవడు ఒక ఆట తెచ్చాడు. కాగితం మీద 'ఎరుపు' అని ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో, 'నీలం' అని ఎర్ర పెన్నుతో, ఇలా ఇరవై మాటలు రాశాడు. మాట చదవకూడదు, సిరా రంగు చెప్పాలి. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన పరీక్ష ఇది, ఇప్పటికీ ప్రయోగశాలల్లో వాడుతున్నారు. నేను ఐదో మాట దగ్గరే తడబడ్డాను. ఇంజినీరింగ్ చదివిన నా కొడుకు నాకంటే ఎక్కువ తడబడ్డాడు. గెలిచింది మా అమ్మ. ఎనభై దాటిన మనిషి, బడి గడప తొక్కలేదు. "ఇది ఆకుపచ్చ, ఇది ఎరుపు, ఇది నీలం" అని బియ్యంలో రాళ్లు ఏరినట్టు చెప్పేసి, "గింతేనా? దీనికింత లొల్లెందుకురా?" అంది. మనవడు బిత్తరపోయాడు. చదువు రానివాళ్లకు అక్షరం వట్టి గీత. గీతకూ రంగుకూ తగాదా ఏముంటుంది? తగాదా మాకు, చదవకుండా ఉండలేనివాళ్లకు. మనసులోని గుంజులాట తెలివితక్కువతనం వల్ల వచ్చేదనుకునేవాణ్ని. కాదు, బాగా అలవాటైన పని వల్లే ఎక్కువగా వస్తుంది.

ఆ తడబాటు వేళ మెదడులో ఒకచోట కదలిక పెరుగుతుందట. నుదుటి వెనక, మెదడు రెండు సగాలూ ఎదురెదురుగా ఆనుకునే లోపలి గోడ మీద ఉంటుంది. దాన్ని యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అంటారు. సింగ్యులం అంటే లాటిన్‌లో నడికట్టు. మేము టోపీ లైటు బ్యాటరీ కట్టుకునే బెల్టు లాంటిదన్నమాట. ఆ పేరు చూడగానే నాకు దాని మీద చుట్టరికం పుట్టింది. మాథ్యూ బోట్విన్నిక్, జోనథన్ కోహెన్, వాళ్ల సహచరులు 2001లో దాని గురించి ఒక సిద్ధాంతం రాశారు. ఆ భాగం తగాదా తీర్చదు, తగాదా ఉందని కబురు పంపుతుందంతే. కబురందుకుని, ఏ వైపు బలం ఇవ్వాలో చూసేది నుదుటి పక్కనున్న వేరే భాగం. అన్ని పరిశోధనశాలలూ దీన్ని ఒప్పుకోవు, వాదన ఇంకా నడుస్తోంది. నాకు మాత్రం బాయి కనిపించింది. కప్పు తట్టి అనుమానం ఉందని చెప్పేవాడొకడు, పని ఆపి ప్రాపు నిలబెట్టేవాళ్లు ఇంకొకరు. మధ్యలో కబురు తప్పితే ఇద్దరూ ఉండి లాభం లేదు.

ఈ కబురు ముఖం మీద ఎలా ఉంటుందో చూడాలంటే అష్టావధానానికి వెళ్లండి. అవధానం అంటేనే మనసు నిలపడం. దాన్ని వేదిక ఎక్కించి, ఎనిమిది మందిని చుట్టూ కూర్చోబెట్టి చెడగొట్టమనే ఆలోచన మన తెలుగువాళ్లకే రావాలి. చాలామంది సమస్యాపూరణానికి చప్పట్లు కొడతారు. నాకు ఇష్టం నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏది రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్నే వద్దంటాడు. నోటి చివరికి వచ్చిన మాటను అక్కడే వదిలేసి, ఛందస్సు చెడకుండా, అర్థం చెడకుండా ఇంకో దారి పట్టాలి. ఒకసారి నేను ముందు వరసలో కూర్చుని అవధాని ముఖమే చూశాను. ప్రతి నిషేధానికీ చిన్న ఆగుడు, కంటి రెప్ప బరువైనంత. ఆ ఆగుడును ఆయన దాచుకోలేదు, తొందరపడి దాటెయ్యలేదు. ఆ పక్కనే అప్రస్తుత ప్రసంగం చేసేవాడు, "అవధాని గారూ, రాత్రి ఇంటికి ఆలస్యంగా పోతే తలుపు ఎవరు తీస్తారు?" అని అల్లరి పెడుతున్నాడు, ఆయన నవ్వి జవాబిస్తున్నాడు. ఇంకో పక్క గంటలు కొడుతున్నారు, చివర్లో లెక్క చెప్పాలి. లైటు పద్యం మీద, చెవి గంట మీద. పక్కనున్న, బాయిలో నా పైన పనిచేసిన మా పాత ఓవర్‌మన్ నా చెవిలో, "ఈయన్ను మన బాయిల దింపితే బాగుండు" అన్నాడు.

ఇక నా సంగతి. ఎనభైల చివర్లో, సర్దారుగా కొత్త. బాయి పేరు అనవసరం, తప్పు నాది. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు కూడా. టబ్బుల్లో బొగ్గు నింపే ఫిల్లర్లకు అప్పుడు టబ్బుల లెక్కన కూలి. బ్లాస్టింగ్ అయి బొగ్గు పడి ఉంది, నలుగురు ఫిల్లర్లు తట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కప్పు తట్టాను. పలుకు అటూ ఇటూ కాకుండా వచ్చింది. ఖంగుమనలేదు, బొద్దుగానూ లేదు. మళ్లీ తట్టాను, అదే. అప్పుడొక అడుగు పక్కకు జరిగి, కొంచెం గట్టిగా కొట్టాను. ఖంగుమంది. హాయిగా అనిపించింది. సుద్దముక్కతో తేదీ, పొడి అక్షరాలు రాసి, "నడువున్రి" అన్నాను.

ముగ్గురు కదిలారు. నాలుగో ఆయన, మా నాయన వయసు మనిషి, కూలబడి తంబాకు నలుపుకుంటున్నాడు. "ఏం సర్దారూ," అన్నాడు తల ఎత్తకుండా, "బండ మంచిగుంటే మూడుసార్లు ఎందుకు కొట్టినవ్?"

నాకు జవాబు రాలేదు. ఆయన నా బండను వినలేదు, నన్ను విన్నాడు.

లియోన్ ఫెస్టింగర్ అనే ఆయన 1957లో మనసులోని పొసగనితనం గురించి పుస్తకం రాశాడు. దాని పుట్టుక వెనక మన దేశపు కథ ఉంది. 1934 బీహార్ భూకంపం తర్వాత పుట్టిన వదంతుల్ని జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు సేకరించాడు. నేల అదిరినా ఇళ్లు కూలని ఊళ్లలో, ఇంకా పెద్ద ప్రమాదం రాబోతోందన్న పుకార్లు పుట్టాయి. ఉన్న భయం చాలక ఇంకా భయం ఎందుకు? ఫెస్టింగర్ అర్థం చేసుకున్నదేమిటంటే, గుండెలో భయం ఉంది, కళ్లముందు కారణం లేదు. ఆ రెండూ పొసగాలంటే కారణాన్ని పుట్టించుకోవాలి. వాళ్లు భయానికి తగిన వార్త వెతుక్కున్నారు. నేను టబ్బులకు తగిన శబ్దం వెతుక్కున్నాను. తగాదా తీరింది, తీరకూడని పద్ధతిలో.

ఇలా అంటే ప్రమాదాలన్నీ ఎవరో ఒకరు సరిగా వినక జరిగాయనే అర్థం తీస్తారేమో. తియ్యకండి. 2003 జూన్‌లో ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది పోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది. అవి ఒక్క మనిషి చెవి లెక్కలు కావు. నేను చెబుతున్నది చాలా చిన్న సంగతి, ఒక మనిషి తనకు తాను సర్ది చెప్పుకునే అర నిమిషం.

మా పక్కింటి అబ్బాయి ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. వాడికి కప్పు లేదు, ఆకాశమే. వాడి శత్రువు రాత్రి షిఫ్టులో ఒకటే దారి, ఒకటే మోత. నార్మన్ మాక్‌వర్త్ అనే పరిశోధకుడు 1948లోనే చూపించాడు, గడియారం లాంటి పలక మీద తిరిగే ముల్లు ఎప్పుడో గానీ వెయ్యని రెండింతల గంతును కనిపెట్టమంటే, అరగంట తిరగకముందే మనుషులు దాన్ని వదిలెయ్యడం మొదలవుతుందని. "కాకా, నిద్రొస్తే తెలుస్తది. నిద్ర రాకుండనే మనసు పోతే ఎట్ల తెలుస్తది?" అని అడిగాడు వాడు. కప్పు గురించి అడిగితే గంటసేపు చెప్పేవాణ్ని. దీనికి ఛాయ్ పోయించి ఊరుకున్నాను.

మూడో దెబ్బ కొట్టిన ఆ రోజు ఏం జరిగిందో చెప్పలేదు కదూ. సుద్ద రాతను అరచేత్తో తుడిచేశాను. టింబర్‌మెన్‌ను పిలిచి రెండు ప్రాపులు అదనంగా పెట్టించాను. గంటకు పైగా పట్టింది, టబ్బులు తగ్గాయి, ఆ ముగ్గురూ నాతో వారం సరిగా మాట్లాడలేదు. కప్పు ఆ షిఫ్టులో కూలలేదు. మర్నాడూ కూలలేదు. నెల దాటినా అలాగే ఉంది, నేను రోజూ పోయి చూసేవాణ్ని. తంబాకు పెద్దాయన అనుమానం నిజమో, నా మూడో దెబ్బ నిజమో తేలలేదు. తర్వాత ఆ జాగాలో బొగ్గు పిల్లర్లు తీసేశారు. ఇప్పుడక్కడ కింది నుంచి కప్పు దాకా గోదావరి ఇసుక కూరి ఉంది.