మొఱపెట్టు విద్య

కష్టకాలమున భక్తుడు నోరెత్తక యుండవలెననియు, కన్నీటిని దాచుకొని స్తుతివాక్యములనే పలుకవలెననియు, అట్లు పలుకలేనివాని విశ్వాసము కొఱతపడినదనియు మన సంఘములలో పలువురు భావింతురు. బైబిలులోని కీర్తనల గ్రంథమును మొదటినుండి తుదివఱకు ఒకమాఱైనను శ్రద్ధగా చదివినవారియెదుట ఈ భావము నిలువజాలదు. ఆ గ్రంథమందలి 150 కీర్తనలలో ఏ తెగవి యెక్కువయని వెదకిచూచినచో స్తుతిగీతములు కావు, కృతజ్ఞతాగీతములును కావు. ఆపదలో చిక్కినవారు దేవునియెదుట మొఱపెట్టుకొనిన విలాపగీతములే మిక్కిలిగా నున్నవని తేలును. గత శతాబ్ది తొలిపాదమున కీర్తనలను వాని రచనారీతినిబట్టి జాతులుగా విభజించిన జర్మను పండితుడు హెర్మన్ గుంకెల్ సైతము, ఒంటరివాని విలాపమే ఆ గ్రంథమునకు మూలద్రవ్యమని నిర్ణయించెను. దుఃఖము కలిగినపుడు ఏడ్చుట యెవ్వరును నేర్పనక్కఱలేని పని. ఆ యేడుపును ఒకరి సన్నిధికి చేర్చుట, చేర్చిన పిదప అచ్చటనే నిలిచియుండుట మాత్రము తరతరములుగా ఒకరినుండి యొకరు నేర్చుకొనిన విద్య. మన తెలుగు క్రైస్తవులకు ఈ విద్య రెండు త్రోవల నుండి వచ్చినది: ఒకటి యెరూషలేమునుండి, రెండవది మన పల్లెలలోని భజనకూటములనుండి.

విలాపకీర్తనకు నిర్మాణమొకటి గలదు. మొదట సంబోధన, పిమ్మట ఫిర్యాదు, అటుపిమ్మట విన్నపము, ఆపై నమ్మిక, కడపట, రక్షణ కలిగినపుడు స్తుతింతునను ప్రతిజ్ఞ. 13వ కీర్తన ఆఱు వచనములు మాత్రమే గలది యయ్యు ఈ మెట్లన్నియు ఎక్కుచున్నది. ఎంతకాలమను ప్రశ్నను భక్తుడు అందులో వరుసగా నాలుగుమాఱులు వేయును. తన్ను దేవుడు మఱచెనా యని యడుగును, ముఖము చాటువేసెనా యని యడుగును, తనలో తాను మథనపడు దినములెన్నడు ముగియునని యడుగును, శత్రువు తనపై హెచ్చుట యింకెన్నాళ్లని యడుగును. ఈ ప్రశ్నలలో దేనికిని అక్కడ ఉత్తరము లేదు. అయినను అయిదవ వచనమున "నేనైతే" యను నొక మలుపు వచ్చి, కంఠస్వరము మాఱి, భక్తుడు కృపను నమ్ముకొని గానమునకు ఉపక్రమించును. నడుమ నేమి జరిగినది? పరిస్థితి మాఱినదని కీర్తన చెప్పదు. శత్రువు పోయెననియు చెప్పదు. ఆలయములో యాజకు డెవడో ఆ సమయమున అభయవచనము పలికియుండునని కొందఱు పండితులు ఊహించిరి. నాకు మాత్రము ఆ నాలుగు ప్రశ్నలలోనే సమాధానబీజ మున్నట్లు తోచును. లేనివానిని ఎవ్వడును నాలుగుమాఱులు నిలదీయడు గదా! ఫిర్యాదు చేసినవాడు తాను ఫిర్యాదు చేసినవానిని విడిచిపెట్టలేదు. విడువకుండుటయే అతనికి అప్పటి విశ్వాసము.

ఇంతకంటె సూక్ష్మమైన శిల్పము 42, 43 కీర్తనలలో కనబడును. ఈ రెండును ఆదియందు ఒకే గీతమని పండితులలో పెక్కుమంది యభిప్రాయము. ఏలయన ఒకే పల్లవి రెంటిలోను కలిసి ముమ్మాఱు వినబడుచున్నది. భక్తుడు తన ప్రాణమునే యెదుట నిలువబెట్టుకొని, ఏల క్రుంగితివని ప్రశ్నించి, దేవునియందు నిరీక్షణ యుంచుమని దానికి ఆజ్ఞ యిచ్చును. పల్లవిలోని మాటలు ఇంచుమించుగా అవియే. వాని ముందటి చరణములు వేఱు. మొదటిమాఱు పల్లవికి ముందు, జనసమూహముతో కలిసి పండుగకు వెళ్లిన పూర్వదినముల స్మరణ యున్నది. అది తీపిని మించిన బాధ. రెండవమాఱు, తరంగములన్నియు తనమీదుగా పొర్లిపోవుచున్నట్లు వర్ణన యున్నది. ఇది మునిగిపోవుచున్నవాని మాట. మూడవమాఱు, తన్ను బలిపీఠమువఱకు నడిపించుటకై వెలుగును సత్యమును పంపుమను ప్రార్థన యున్నది. మొదట తన్ను తాను మందలించుకొనునట్లు వినబడిన పల్లవి, నడుమ ప్రాణభీతితో పట్టుకొనిన ఆధారమువలె వినబడి, తుదకు ప్రయాణసన్నాహమువలె వినబడును. శబ్దము మాఱకయే అర్థము మాఱుట ఇందలి రహస్యము. ఒకమాఱు చెప్పిన ధైర్యవచనము మనసున నాటకపోవుట మనకందఱకు అనుభవమే. నాటలేదని దానిని పాఱవేయక, మఱికొంత దుఃఖమును చెప్పుకొని మఱల దానియొద్దకే రావలెనని ఈ కీర్తనకారు డెఱిగియుండెను.

విలాపవాక్యముల గ్రంథము సంగతి వేఱు. క్రీస్తుపూర్వము ఆఱవ శతాబ్ది ఆరంభమున బబులోను సైన్యము యెరూషలేమును ధ్వంసముచేసి ఆలయమును తగులబెట్టిన పిమ్మట పుట్టిన ఆ అయిదు అధ్యాయములలో మొదటి నాలుగును హెబ్రీ వర్ణమాల క్రమమున నడచుచున్నవి. వర్ణములు 22; కనుక మొదటి, రెండవ, నాలుగవ అధ్యాయములలో 22 వచనముల చొప్పునను, ఒక్కొక్క యక్షరమునకు మూడేసి వచనములు గల మూడవ అధ్యాయములో 66 వచనములును ఉన్నవి. పిల్లలు ఆకటికి సొమ్మసిల్లుచుండగా అక్షరక్రమము పాటింప నెవ్వనికి మనసొప్పునని శంకింపవచ్చును. హద్దులేని దుఃఖమునకు హద్దు కల్పించుట కంటె దయగల పని మఱియొకటి లేదని నా యుత్తరము. మొదటి యక్షరమునుండి చివరి యక్షరమువఱకు చెప్పినవాడు ఏమియు దాచలేదు. చివరి యక్షరము వచ్చినది గనుక నేటికి ఆగవచ్చును. నిరీక్షణను గూర్చిన ప్రసిద్ధవాక్యములు ఆ గ్రంథాంతమున గాక, మూడవ అధ్యాయమున, నట్టనడుమ నున్నవి. గ్రంథము వానితో ముగియదు. అయిదవ అధ్యాయము అక్షరక్రమమును కూడ విడిచి, దేవుడు తమ్మును బొత్తిగా విసర్జించెనేమో యను భయముతో నిలిచిపోవును.

ఈ సంపద తెలుగునేలకు వచ్చి మన కీర్తనాసంప్రదాయముతో కలిసినపుడు జరిగినదానిని మన సాహిత్యచరిత్రకారులు తగినంతగా గమనింపలేదు. బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, కళింగాంధ్రమున సువార్తసేవ చేసి 1890లో దివంగతుడైన పురుషోత్తమ చౌధరి మొదలుగాగల తొలితరము కవులు విదేశబాణీల కనువాదములతో తృప్తిపడక, పల్లవి, అనుపల్లవి, చరణములు గల దేశీయ కీర్తననే గ్రహించిరి. నేటికిని ఆంధ్రక్రైస్తవ కీర్తనల పుస్తకము తెఱచినవారికి పాటకు పైన రాగతాళముల పేర్లును, ప్రతిచరణాంతమున రెండు నిలువుగీతల నడుమ పల్లవి మొదటిమాటయు కనబడును. ఆ గుఱుతు అచ్చుకూర్పువాని సౌకర్యమునకు మాత్రమే పెట్టినది కాదు. చరణము ఎంతదూరము పోయినను మఱలివచ్చి నిలువవలసినచోటు ఇదియని అది పాడువానికి చూపుచున్నది. 42, 43 కీర్తనలలో హెబ్రీకవి ముమ్మాఱు సాధించిన దానిని మన కీర్తన ప్రతిచరణమునకు సాధించుచున్నది. పాపస్మరణ, రోగము, మరణభయము, క్రీస్తు సిలువపై పడిన వేదన, ఇట్లు చరణములు ఒకదానికంటె ఒకటి లోతుకు దిగుచుండ, పల్లవి మాత్రము వినువాని చేయి విడువదు.

రాగము సంగతియు అట్టిదే. ముఖారి, ఆనందభైరవి, నాదనామక్రియ వంటి రాగములు శ్రోతకు అంతకుముందే పరిచితములు. కనుక అర్థము పూర్తిగా బోధపడకముందే రాగము హృదయమును సిద్ధపఱచును. యతిప్రాసల కట్టు జ్ఞాపకమునకు తోడ్పడును. అక్షరము రానివారే అధికసంఖ్యాకులైన సంఘములకు ఇది యెంత ప్రధానమో చెప్పనక్కఱలేదు. నాయకుడు ఒక పాదము ఎత్తుకొనును, కూటము దానినే అందుకొని వంతపాడును. పుస్తకము లేకయే రెండుమూడు రాత్రులలో పాట కంఠస్థమగును. కంఠస్థమైన పాటకు దీపము వలదు, కన్నుల యవసరము లేదు. ఆసుపత్రి వరండాలో రాత్రంతయు కూర్చుండు తల్లికి ఉపయోగపడునది అట్టి పాటయే. ప్రసంగము జ్ఞాపకముండదు, పాట నోటికి తానే వచ్చును.

అయినను నోటిపాటకు ముందు చేతిసాయము రావలెననుటకు ఒంగోలు ప్రాంతపు చరిత్ర గొప్ప నిదర్శనము. అమెరికా బాప్తిస్టుల తెలుగు మిషను ఏండ్లతరబడి ఫలముకానక, దానిని మూసివేయుదమను చర్చ స్వదేశమున సాగుచున్న దినములలో, 1854 జనవరి 1న లైమన్ జ్యూయెట్ తన భార్యతోను, కొలదిమంది తెలుగు విశ్వాసులతోను ఒంగోలు వద్దనున్న గుట్టపై వేకువనే ప్రార్థించెను. పండ్రెండేండ్లకు, 1866లో, ఆ మిషనువాడే యైన జాన్ క్లౌ అచ్చట స్థిరపడెను. ఆ ప్రాంతమున అంతకుముందే గురువులనాశ్రయించి యోగమార్గమున దేవుని వెదకుచుండిన మాదిగ భక్తుడు ఎఱ్ఱగుంట్ల పేరయ్య ఆ యేటనే బాప్తిస్మము పొంది, తోలుపనివారి గూడెములలో కాలినడకను తిరిగి బోధించెను. అటుపై 1876-78 సంవత్సరముల ఘోరక్షామము వచ్చినది. భూమికొలతల పనిలో అనుభవముగల క్లౌ, మద్రాసును కృష్ణాడెల్టా కాలువలతో కలుపు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించి, బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. పగలు మట్టి మోసినవారు విరామవేళలలో ఆ బోధకులచుట్టు చేరి ఆదరణవాక్యములు వినిరి. సహాయము సాగినంతకాలము క్లౌ బాప్తిస్మము నిరాకరించినట్లును, పిమ్మట 1878 జులై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందినట్లును చరిత్ర చెప్పుచున్నది. మనవారు తరచుగా ఆ సంఖ్యనే చాటుదురు. నన్ను మిక్కిలి కదలించునది ఆ సంఖ్యకు ముందటి విషయము: అన్నము పెట్టుట వేఱు, విశ్వాసము వేఱు అను వివేకము, ఆకలిని అవకాశముగా వాడుకొనరాదను భయభక్తి. ఆదరణ యనునది చేతిపనితో మొదలై తరువాత నోటికి రావలెను.

ఆ మర్యాద నేడు మన ఇండ్లలో ఆదరణకూడికయందు మిగిలియున్నది. మరణము సంభవించిన యింట బంధువులు, సంఘస్థులు, పొరుగువారు చేరి, కాపరి ప్రార్థనతో మొదలిడి, పాటలు పాడి, వాక్యము చదివి, పోయినవారిని గూర్చి తెలిసినవారు సాక్ష్యము చెప్పి, భోజనము పెట్టి వెళ్లుదురు. ఈ క్రమములో ఏ యంగమును తేలిక కాదు. పాటను మాత్రము తగ్గింపరాదు. సాక్ష్యము చెప్పలేని విధవరాలు పాటలో గొంతు కలుపగలదు. గొంతు పెగలనపుడు చుట్టునున్నవారు ఆమె బదులు పాడగలరు. యోబు స్నేహితుల కథ ఇచ్చట తలచుకొనదగినది. వారు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలపై మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలు అంతటితో సరి. నోరుతెఱచి కారణములు చెప్ప మొదలిడిన పిమ్మట వారి మాటలన్నియు గాయముపై గాయమైనవి. గ్రంథాంతమున దేవుడు ఆ వ్యాఖ్యాతలను కోపించి, తన్ను నిలదీసిన యోబే యుక్తముగా పలికెనని తీర్పు చెప్పెను. బిడ్డను పోగొట్టుకొనిన తండ్రితో మూడవనాడే "ఇది దేవుని చిత్తము, మన మేలుకే" యనువారు ఈ గ్రంథమును మఱల చదువవలెను.

ఇటీవల మన సభలలో విజయగీతములు, ఆశీర్వాదగీతములు పెరిగి, విలాపము వెనుకబడుచున్నదని నా విచారము. పెద్దధ్వనితో, త్వరితగతితో నడచు ఆ పాటలలో ఉత్సాహము లేకపోలేదు. కాని వానిని మాత్రమే యెఱిగిన యువకునికి ఉద్యోగము పోయినపుడో, వైద్యుడు చెడ్డవార్త చెప్పినపుడో పాడుకొనుటకు పాట యుండదు. దేవాలయమున పలుకదగిన మాట తన నోట లేదని తలచి అతడు మెల్లగా దేవాలయమునకే రాకుండును. 2020లో గుడులు మూతపడి, అంత్యక్రియలకు సైతము పదిమంది చేరరాని దినములలో మనలో పెక్కుమంది ఫోనులలోనే ఆదరణకూడికలు జరుపుకొంటిమి. కంఠస్థములైన పాతకీర్తనలు గలవారు ఆ చిన్నయద్దములగుండ నైనను ఒకరినొకరు నిలువబెట్టుకొనిరి. సిలువపై ప్రభువు సహితము నూతనప్రార్థన కల్పింపక, బాల్యమునుండి యెఱిగిన 22వ కీర్తన మొదటి మొఱనే ఎత్తుకొనెను. అంతటి వేదనలో ఎవ్వరికైనను నోటికి వచ్చునది మునుపు నేర్చుకొనినదే.

కనుక ఈ విద్యను ఆపద రాకమునుపే అభ్యసింపవలెను. దానికి ఆంగ్లికన్ ప్రార్థనపుస్తకమున నొక పాతమార్గము గలదు; దక్షిణ ఇండియా సంఘములో కలిసిన సంప్రదాయములలో అదియు నొకటి. 150 కీర్తనలను ముప్పది దినములకు, ఉదయ సాయంకాలములకు పంచి, నెలకొకమాఱు గ్రంథమంతయు చదువుదురు. 2వ తేది సాయంకాలమున 13వ కీర్తన వచ్చును. 8వ తేది సాయంకాలమున 42, 43 కీర్తనలు వచ్చును. 17వ తేది ఉదయమున, నమ్మికయను మలుపు లేకయే చీకటిలో ముగిసిపోవు 88వ కీర్తన వచ్చును. ఆ దినమున మన యింట పెండ్లి యుండవచ్చును, బారసాల యుండవచ్చును. కీర్తన మన మనఃస్థితిని అడిగి రాదు. అట్టి ఉదయమున సంతోషముగా నున్నవాడు ఆ చీకటిపాటను ఎవరికొఱకు చదువవలెనని కొందఱు నన్నడిగిరి. ఆ వీథిలోనే, మూడవ యింటిలో, ఆ పాట చదువుటకు గొంతు రాని వారున్నారు. వారికొఱకు చదువవలెను, చదివిన పిమ్మట వారి యింటికి వెళ్లి కూర్చుండవలెను.