చవక బడి ఎప్పుడు ఖరీదైంది?

బడ్జెట్ మర్నాడు పేపర్లో విద్యకు ఇన్ని వేల కోట్లని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. పోయినేడు కన్నా ఎక్కువే ఉంటుంది. జీతాలు పెరుగుతాయి, ధరలు పెరుగుతాయి, అంకె పెరగక ఏం చేస్తుంది? గూడెం బడికి ఏ లెక్కన ఇచ్చారు, ఏ లెక్కన తీసేశారు అన్నది ఆ అంకెలో కనపడదు. మనకు కావాల్సింది అది.

ముందు పెద్ద మాటలు. రాజ్యాంగం 45వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చేయాలంది. ఆ గడువు 1960తోనే పోయింది. 1966లో కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలంది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే 6 శాతం రాసింది, 2017-18లో పెట్టింది 4.43 శాతమేనని తానే ఒప్పుకుంటూ. మధ్యలో 2004లో ప్రాథమిక విద్య పేరున కేంద్ర పన్నుల మీద 2 శాతం సెస్సు పడింది. సెస్సును రాష్ట్రాలకు పంచే పన్నుల్లో కలపరు. సర్వశిక్షా అభియాన్ మొదలైనప్పుడు వందలో 85 రూపాయలు కేంద్రానివి. 2015 నాటికి అవి 60 అయ్యాయి. మిగతా 40 రాష్ట్రం తేవాలి. రాష్ట్రానికి చేయి బిగిసినప్పుడు మొదట ఏ బడి కళ్లబడుతుందో చెప్పక్కర్లేదు.

ఇక మన కొండల మీదికి బడి ఎలా వచ్చిందో చూడండి. ఐటీడీఏలు 1980లలో గిరిజన విద్యా వికాస కేంద్రాలు పెట్టాయి. జీవీవీకే అంటే మన పెద్దలకు ఇప్పటికీ గుర్తే. ఒక్క పంతులు, ఒక్క పాక. 1990లలో 'మా బడి' వచ్చింది. పాక ఊరే వేసుకోవాలి, పంతుల్ని ఊరే చూపించాలి, ఐటీడీఏ గౌరవ వేతనం ఇస్తుంది. ఆ తర్వాత విద్యా వాలంటీర్లు. నేను అక్షరాలు దిద్దింది అలాంటి పాకలోనే. మా పంతులు మా గూడెం అన్నే, పదో తరగతి చదివాడు. వానాకాలం చూరు కారితే పలకలు నెత్తిన పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆ అన్న జీతం ఎన్నో నెలలు వచ్చేది కాదు. అయినా బడి మూతపడలేదు. అంతకన్నా చవగ్గా చదువు చెప్పించిన సర్కారు ఇంకెక్కడైనా ఉందా?

అదే గూడెం బడి ఇప్పుడు ఖరీదైందట. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అరవై మంది లోపు పిల్లలున్న బడికైనా ఇద్దరు టీచర్లుండాలని దాని షెడ్యూలు చెబుతోంది. మంచిదే. అయితే రేషనలైజేషన్ పేరు చెప్పి రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలు తక్కువున్న బడుల నుంచి పోస్టులు కదిలించారు. దాని వెనకున్న లెక్క ఇది. టీచరు జీతం నెలకు 60 వేలు అనుకుందాం. నలభై మంది పిల్లలుంటే తలకు 1,500. పన్నెండు మందైతే 5,000. కాబట్టి పన్నెండు మంది బడి దండగ.

ఈ లెక్కలో తప్పు లేదు, సగమే ఉంది. ఆ బడి మూస్తే ఆరేళ్ల పిల్ల ఆశ్రమ పాఠశాలకు పోవాలి. అక్కడ మూడు పూటలా తిండి, దుప్పటి, సబ్బు, వార్డెను, కట్టడం, అన్నీ వేరే పద్దు. పిల్లను చూడ్డానికి తల్లి పోగొట్టుకునే కూలి ఏ పద్దులోనూ లేదు. జ్వరమొచ్చి ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లని పిల్ల లెక్క డ్రాపౌట్ గడిలో ఉంటుంది, ఖర్చు గడిలో ఉండదు. రెండో సగం కూడా వేసి చూపించిన కాగితం నేను ఇంతవరకు చూడలేదు. టీచరు పోస్టు ఖాళీగా ఉంటే మాత్రం పద్దులో అది మిగులే. ప్రాథమిక విద్య ఖర్చులో ఎక్కువ భాగం జీతమే కనుక, పంతులు లేని బడికి సర్కారు చేసే ఖర్చు దాదాపు ఏమీ లేనట్టే.

భాష సంగతి మరీ చిన్న పద్దు. కోయలో 'ఏర్' అంటే నీళ్లు. తెలుగు టీచరు చెవికి అది వాగు. దాహమేసిన పిల్లాడు 'ఏర్' అంటే వాగుకు పోతానంటున్నాడని కూర్చోబెడతాడు. నిజాం కాలంలోనే, 1943లో, హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకే పంతులు శిక్షణ మొదలుపెట్టించాడు, గోండి వాచకాలు వేయించాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2000 తర్వాత కోయ, గోండి, కొలామి, కువి, సవర, కొండ వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చారు. మంచి పని. కానీ ఆ భాష వచ్చిన టీచరు లేకుండా ఆ వాచకం బీరువాలో కాగితమే. షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ ఆదివాసులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్లో కొట్టేసింది. ఆ తీర్పు రిజర్వేషన్ల గురించే అనుకుంటే పొరపాటు. వాచకాల మీద అప్పటికే పెట్టిన డబ్బు కూడా దాంతో సగం వృథా అయింది.

టీచర్లుగా పనిచేస్తున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీ బడి యూడైస్ ఫారం ప్రతి ఏడూ మీరే నింపుతారు. మూయాలన్న ప్రతిపాదన వచ్చిన రోజు గ్రామసభకు ఆ ఫారం నకలు ఒక్కటే పట్టుకెళ్లకండి. మీ గూడెం నుంచి ఆశ్రమ పాఠశాలకు ఎన్ని కిలోమీటర్లు, మధ్యలో ఎన్ని వాగులు, పోయినేడు వెళ్లిన పిల్లల్లో ఎందరు తిరిగొచ్చేశారు, అది కూడా తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్లండి. తీర్మానంలో ఆ అంకెలు ఎక్కేదాకా వేలిముద్రలు, సంతకాలు పడనివ్వకండి.