కర్తృనామము మఱుగుపడిన ఋతువర్ణనపద్యము

పద్యము నిలిచి కవిపేరు మాసిపోవుట తెలుగున క్రొత్త గాదు. దిండిగల్లు సీమ వంటి తావులలో ఇంటిమాట తెలుగైనను చదువు తమిళమున సాగుటచే, ముఖపాఠముగ వచ్చిన పద్యములకు ఈ ప్రమాద మధికము. ఒక ఋతువర్ణనమున కడపటి పాదము మాత్రమే జ్ఞప్తియందున్నపుడు కర్తను కనుగొనుట యెట్లు?

పద్యము వృత్తమో కందమో యైనచో ఆ పాదమే తొలి యాధారము. ప్రాసనియమమును బట్టి నాలుగు పాదములందును రెండవ యక్షరము నందలి హల్లు ఒక్కటే. కావున మఱచిన మొదటి పాదమున రెండవ హల్లు తెలిసినట్లే. అది గురువుతో మొదలగునో లఘువుతోనో ఛందస్సే చెప్పును. పద్యానుక్రమణికలను వెదకువారికి ఇది గొప్ప సాయము. సీసమునకును, తేటగీతి, ఆటవెలదులకును ఈ నియమము లేదు గాన అచట నీ యుపాయము చెల్లదు.

పిమ్మట సంకలనములను చూడవలెను. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమున పూర్వకవుల పద్యములను వర్ణనల వరుసను కూర్చెను. అందుండి అలభ్యకావ్యముల పద్యములను ఏరి వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రబంధరత్నావళిని వెలయించిరి. అయితే జగ్గన 16వ శతాబ్దివాడు. 1706 మొదలు 1732 వఱకు మధుర నేలిన విజయరంగ చొక్కనాథుని కాలపు పద్యము అందుండ నేరదు. అట్టిదానికై శేషము వేంకటపతి తారాశశాంకవిజయము, సముఖము వేంకటకృష్ణప్పనాయకుని అహల్యాసంక్రందనము మున్నగు కావ్యములను శోధింపవలెను.

వర్ణితవస్తువును బట్టి కవి దేశమును నిర్ణయించుట మాత్రము పొరపాటు. కావ్యమర్యాదలో శ్రావణ భాద్రపదములు వర్షర్తువు. ఆశ్వయుజ కార్తికములు నిర్మలాకాశము గల శరత్తు. దిండిగల్లు ప్రాంతమునకో, ఈశాన్యపు గాలివానలు ముఖ్యముగ నా శరత్తునందే వచ్చును. ఐనను ఇచటి కవియు ప్రబంధము వ్రాయునపుడు శాస్త్రము చెప్పిన మేఘములనే పిలుచును గాని, తన పెరటి మేఘములను గాదు. కనుక పద్యమున శ్రావణమేఘ మున్నంత మాత్రమున కవి గోదావరీతీరవాసి యనరాదు. మధురసీమలో వినబడినంత మాత్రమున తిరుమలనాయకుని యాస్థానకవి యనియు అనరాదు. వలసవచ్చినవారు పద్యములను వెంట తెచ్చుకొనుటయు కలదు గదా!

ఇన్ని శోధనలకును మూలము ఆ మిగిలిన పాదమే. దానిని తప్పని తోచిన చోట దిద్దక, పెద్దలు పలికిన రీతినే వ్రాసియుంచుట మొదటి కర్తవ్యము. దిద్దుబాటు పాఠమును సొగసు చేయవచ్చును; కాని ఆ సొగసుతోడనే కవి జాడయు చెరిగిపోవును. కర్త దొరకనిచో అజ్ఞాతకర్తృక మని వ్రాయుటయే న్యాయము. ప్రసిద్ధుని పేరు తగిలించుట వలన ఆ ప్రసిద్ధునకు లాభము లేదు. అసలు కవికి మాత్రము రెండవ మరణము.