వాటర్‌ప్రూఫ్ బూటు ఏ దారికి?

ట్రెక్కింగ్ బూట్లు కొనేవాళ్లలో చాలామంది డబ్బా మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని కనిపించగానే బిల్లు కట్టేస్తారు. వెళ్లే దారిలో నీళ్లు ఎంత లోతుంటాయో ముందు ఆలోచించాలి.

ఫాల్గుణ పౌర్ణమికి శేషాచలం అడవుల్లో తుంబురు తీర్థానికి నడిచే భక్తులకు ఈ సంగతి బాగా తెలుసు. తీర్థం దగ్గరపడేకొద్దీ దారి కొండల నడుమ నీళ్లలోంచే పోతుంది. మోకాలి లోతులో దిగితే, చీలమండ దాకా ఉండే బూటు ఎంత ఖరీదైనదైనా పైనుంచి నిండిపోతుంది. నీటిని లోపలికి రానివ్వని పొరే, చేరిన నీటిని బయటికి పోనివ్వదు. ఇక ప్రతి అడుగూ బరువే. నానిన చర్మం ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. అలాంటి చోట పలుచటి జాలీ గుడ్డ షూయే మేలు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే కారిపోతాయి.

అలాగని ఆ పొరను తీసిపారేయలేం. 1969లో అమెరికాలో బాబ్ గోర్ వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీని ఒక్క ఉదుటున లాగితే అది తెగకుండా సాగింది. వాటర్‌ప్రూఫ్ బూట్లలో వాడే గోర్‌టెక్స్ పొర పుట్టింది అందులోంచే. దాని రంధ్రాలు నీటి బొట్టు పట్టనంత చిన్నవి, ఆవిరి పోగలిగినంత పెద్దవి. అయితే ఆవిరి బయటికి పోవాలంటే బయటికంటే లోపలే వేడి, తేమ ఎక్కువుండాలి. హిమాలయాల చలిలో ఈ లెక్క కుదురుతుంది. మన కొండల ఉక్కపోతలో కుదరదు, చెమటకే సాక్సు తడిసిపోతుంది.

ఉత్తరాఖండ్‌లో సుమారు 3,800 మీటర్ల ఎత్తున్న కేదార్‌కంఠకు చలికాలంలో వెళ్లేవాళ్లకు వాటర్‌ప్రూఫ్ బూటు తప్పనిసరి. మంచులో తడిసిన పాదం వేళ్లకే ప్రమాదం. లద్దాఖ్ చాదర్ ట్రెక్‌లో, గడ్డకట్టిన జాంస్కార్ నది మీద, మామూలు గమ్‌బూట్లే వాడతారు. మంచుపలక మీద నీళ్లు పారితే వాటిని మించింది లేదు.

కొనేటప్పుడు లేసులు వదులు చేసి బూటు నాలుకను పైకి లాగి చూడాలి. రెండు పక్కలా గుడ్డ మడతతో బూటుకు కలిపి కుట్టి ఉంటే, ఆ కుట్టు ఎంత ఎత్తు వరకు ఉంటే అంత వరకే నీళ్లు ఆగుతాయి. కుట్టు సగంలోనే ఆగిపోతే డబ్బా మీది మాటకు విలువ లేదు.

భువనగిరి ఏకశిల లాంటి నున్నటి రాతి మీద పొర ఊసే అనవసరం, అక్కడ కాపాడేది సోల్ రబ్బరు. 1935లో ఆల్ప్స్‌లో ఆరుగురు సహచరులు చనిపోయాకే ఇటలీ పర్వతారోహకుడు వితాలే బ్రమాని పట్టున్న రబ్బరు సోల్ కోసం పూనుకున్నాడు. 1937లో దాన్ని తెచ్చాడు, అదే వైబ్రామ్. బురద దారికి లోతైన, ఎడంగా ఉన్న పళ్లు కావాలి. రాతికి మెత్తటి రబ్బరు కావాలి.

ఒక్క జతకే డబ్బులుంటే నల్లమల, శేషాచలం తిరిగేవాళ్లు మంచి పట్టున్న, త్వరగా ఆరే షూ కొనుక్కోండి. ఏడాదికోసారి వెళ్లే మంచు ట్రెక్‌కు, కేదార్‌కంఠ దారి మొదలయ్యే సాంక్రీలోనే బూట్లు అద్దెకు దొరుకుతాయి.